మూడో నంబరు సాంచె గొంతు

నా గొప్పలు నేనే చెప్పుకోవడం బాగుండదు. కానీ చెప్పేవాళ్ళు ఇంకెవరూ ముందుకు రావడం లేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ముప్పై ఏడేళ్ళు ఒకే షెడ్డులో పనిచేసి ఒక్క మాట పడని మనిషికి, మెడలో పూలదండ వాడకముందే, ఏడంటే ఏడు నిమిషాల్లో దొంగ అనే పేరు తెచ్చిపెట్టిన ఘనత నాది. ఆ మనిషి మా మామ. ఆయన మీద కోపంతో చేసిన పని కాదు, ప్రేమతో చేసింది. కోపంతో చేసి ఉంటే అంత బాగా కుదిరేది కాదు.

మాది సూరత్‌లో గోడాదరా. మా మామ నర్సయ్య సాంచెల మేస్త్రీ. సాంచె అంటే మరమగ్గం. నేసేవాళ్ళు నేస్తూ ఉంటారు, అది మొరాయిస్తే మేస్త్రీ వచ్చి బాగుచేస్తాడు. మా మామ సాంచె దగ్గరకు వచ్చి ముందు చెయ్యి పెట్టడు, చెవి పెడతాడు. రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని విని, ఫలానా చోట ఫలానా బోల్టు అని చెప్పి, పానా చేతికి తీసుకుంటాడు. ఇంట్లో మాత్రం మా అత్తమ్మ నాలుగుసార్లు పిలిచినా వినపడదు. ఆ చెవులు షెడ్డులోనే పనిచేస్తాయి కాబోలు.

నేను కరీంనగర్‌లో డిగ్రీ చదివాను. మా నాన్న ఆఫీసు గుమాస్తా. మా పుట్టింట్లో చప్పుడు చేసే యంత్రం కుట్టుమిషను ఒక్కటే. పెళ్ళై సూరత్ వచ్చాక ఇక్కడి మన పిల్లలకు తెలుగు ట్యూషను మొదలుపెట్టాను. అమ్మను తెలుగులో పిలిచి, అన్నం హిందీలో అడిగి, వద్దని గుజరాతీలో అలిగే పిల్లలు వాళ్ళు. ఇంటి దగ్గర వింటారని పాఠాలు చదివి రికార్డు చేసి ఫోన్లకు పంపేదాన్ని. మధ్యలో కుక్కర్ కూసేది, పాలవాడు అరిచేవాడు. ఆ ముక్కలు కత్తిరించి మిగతావి అతికించడం నేర్చుకున్నాను. ఒక ముక్క చివర్లో గొంతు మెల్లగా తగ్గాలి, అదే సమయంలో రెండోది మెల్లగా పెరగాలి. గుమ్మం దగ్గర వియ్యపురాళ్ళిద్దరూ ఒకరు బయటికి వస్తూ, ఒకరు లోపలికి వెళుతూ, చీరలు తగలకుండా తప్పుకున్నట్టు. దీన్ని క్రాస్‌ఫేడ్ అంటారు. అది వచ్చేసరికి నాకు సౌండ్ ఇంజనీరు అయిపోయినంత గర్వం వచ్చింది. గర్వం దేనికైనా రావచ్చు, నాకైతే వంకాయ కూర కుదిరినా వస్తుంది.

నాలుగేళ్ళ క్రితం మామ పని మానేసే రోజు వచ్చింది. ఆదివారం సాయంత్రం మన తెలుగువాళ్ళ సంఘం హాల్లో శాలువా కప్పుతానని షెడ్డు యజమాని సేఠ్ కబురు పెట్టాడు. మామ పైకి ‘ఎందుకు గివన్నీ’ అన్నాడు గానీ, తెల్ల అంగీ రెండుసార్లు ఇస్త్రీ చేయించాడు. ఆయన జీవితమంతా కోరుకున్నది అదొక్కటే. నలుగురి ముందు సేఠ్ ‘నమ్మకస్తుడు’ అనాలి. శాలువా ఉన్నా లేకపోయినా ఆ మాట ఉండాలి.

నేను ఊరుకుంటానా? “మామా, నీతో పనిచేసినోళ్ళ మాటలు, నీ మాటలు కలిపి ఒక రికార్డు చేస్తా. సభలో పెడదాం” అన్నాను.

“సభల కూలరే చాలు పొల్లా, మళ్ల చప్పుడెందుకు?” అన్నాడు మామ.

వినలేదు. వినే అలవాటు నాకు ముందునుంచీ లేదు.

మామ మాటలు మా వంటింట్లో రికార్డు చేశాను. ఒకరిది టీ బండి దగ్గర, ఒకరిది ఆటోలో, ఒకరిది ఇంటి మేడ మీద, పావురాల మధ్య. అన్నీ కలిపి మా ఆయన శంకర్‌కు వినిపించాను.

“బస్సు డ్రైవరు కొత్తోడు గేర్లు మార్చినట్టుంది” అన్నాడు.

“మెచ్చుకోవడం చేతకాకపోతే నోరు మూసుకో.”

“మూసుకున్నా గేరు చప్పుడు ఇనపడ్తది గద!”

నిజమే. క్రాస్‌ఫేడ్‌లు వేసినా, టీ బండి నుంచి మేడ మీదికి దూకినప్పుడల్లా వెనక చప్పుడు మారిపోతోంది. దానికి మందు నాకు తెలుసు. అన్ని ముక్కల కిందా ఒకటే చప్పుడును పరుపులా పరిచేస్తే అతుకులు దానిలో మునిగిపోతాయి. సాంచెల మేస్త్రీ కథకు పరుపు ఏముంటుంది? సాంచెల చప్పుడే! కానీ ఆ రోజు శనివారం, సేఠ్ షెడ్డుకు వారపు సెలవు. సభ మర్నాడే.

ఇక్కడ బాలయ్య గురించి చెప్పాలి. బాలయ్య, మామ ఒకే వాడకట్టులో పుట్టారు, ఒకే రైలెక్కి సూరత్ వచ్చారు, ఒకే షెడ్డులో చేరారు. ఈ కథకు తొమ్మిదేళ్ళ ముందు బాలయ్య పాత సాంచెలు కొని సొంత షెడ్డు పెట్టుకున్నాడు. మామను రమ్మన్నాడు. సేఠ్‌ను విడిచి రానన్నాడు మామ. బాలయ్యకు మండి, టీ బండి దగ్గర అందరి ముందూ “నీకు సేఠ్ చెప్పులే మెత్తగున్నయ్‌రా” అనేశాడు. మామ టీ గ్లాసు కింద పెట్టి, “ఇంకోపారి నీ షెడ్డు గడప తొక్కితే నా పేరు నర్సయ్యే కాదు” అన్నాడు. అంతే. తొమ్మిదేళ్ళు మాటల్లేవు. ఎదురుపడితే ఇద్దరూ ఒకేసారి రోడ్డు దాటేవాళ్ళు. దాంతో అవతలి పక్క మళ్ళీ ఎదురుపడేవాళ్ళు.

ఆ బాలయ్య షెడ్డు మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉంది. శనివారం కూడా నడుస్తుంది. కూరగాయలకు వెళుతూ, కిటికీ ఊచల్లో ఫోను పెట్టి రెండు నిమిషాలు రికార్డు చేసుకొచ్చాను. ఖట్ ఖట్ ఖట్ ఖట్, మధ్య మధ్యలో ఒక ఖఠాక్. ఆ ఖఠాక్ నాకు భలే నచ్చింది. తాళం వేసినట్టుంది. దాన్ని కొంచెం పెంచాను కూడా. అవును, పెంచాను. నా గోతికి నేనే మెట్లు కట్టుకున్నాను.

మా అత్తమ్మ ఉల్లిగడ్డలు కోస్తూ విన్నది. “ఏంది పొల్లా, గిది మీ మామ షెడ్డు చప్పుడు కాదు గద?”

“సాంచెల చప్పుడే కదా అత్తమ్మా. ఎవరిదైతే ఏంటి?”

“ఎట్లయితది? సాంచెకు సాంచెకు గొంతు వేరుంటది.”

“మనుషులకుంటుంది గొంతు. మెషీన్లకు ఉంటుందా?”

“డిగ్రీ చదివినవ్, నీకు నేనేం చెప్త” అని అత్తమ్మ ఇంకో ఉల్లిగడ్డ తీసుకుంది. ఆవిడ ఆ మాట అన్నదంటే ఎక్కడో ఏదో తగలబడబోతోందని అర్థం. అప్పటికి నాకు తెలియదు. నేను గెలిచాననుకున్నాను.

సాయంత్రానికి అతుకుల పని పూర్తయింది. ఎంత నున్నగా వచ్చిందంటే, నాకే నా మీద దిష్టి తగులుతుందేమోనని భయం వేసింది. అందరూ షెడ్డులో నిలబడి ఒకరి మాట ఒకరు అందుకున్నట్టే ఉంది. మా వంటింటి వాసన ఒక్క చుక్క లేదు. శంకర్ కూడా విని, “అతుకు దొరుకుతలేదే!” అన్నాడు. ఆ మాట గుర్తు పెట్టుకోండి. మర్నాడు నా పీకకు చుట్టుకున్నది అదే.

ఆదివారం హాలు నిండిపోయింది. నూటయాభై మంది ఉంటారు. వాళ్ళందరూ పొద్దున లేచింది మొదలు సాంచెల మధ్య బతికినవాళ్ళే అన్న సంగతి నాకు కుర్చీలు లెక్కపెట్టేటప్పుడు తట్టింది కాదు. వేదిక మీద సేఠ్, పక్కన మామ. సేఠ్‌కు తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడటానికి మాత్రం తిట్లే వచ్చు. సంఘం కమిటీ మెంబరు కాబట్టి బాలయ్య కూడా వచ్చాడు. కళ్ళు కలవనంత దూరంలో, తలుపు పక్కన కూర్చున్నాడు.

సేఠ్ దండ వేశాడు. శాలువా మడత విప్పబోతూ ‘ముందు రికార్డు కానివ్వండి’ అని సైగ చేశాడు. నేను లాప్‌టాప్ నొక్కాను. స్పీకర్లలోంచి సాంచెలు లేచాయి. ఖట్ ఖట్ ఖట్ ఖట్... ఖఠాక్!

మొదటి నిమిషం అద్భుతం. తరువాత తలలు ఒక పక్కకు వంగడం మొదలైంది. ముందు వరస వంగింది. తరువాత దాని వెనక వరస. కోళ్ళు గింజను చూసినట్టు నూటయాభై తలలు వంగి వింటున్నాయి. ‘ఎంత లీనమైపోయారో!’ అనుకుని నేను మురిసిపోతున్నాను.

సరిగ్గా అప్పుడు మామ గొంతు వచ్చింది. “ఈ షెడ్డు నాకు ఇల్లు లెక్క. పొద్దుగాల లేస్తనే కాళ్లు గిటే వస్తయ్. ఈ సాంచెల చప్పుడు వినకుంటే నాకు ముద్ద దిగదు...”

ఖఠాక్!

ముందు వరసలో దేవయ్య తాత లేచాడు. ఆయనకు చెవుడు. పెళ్ళి బ్యాండు పక్కన కూడా నిద్రపోతాడు. “గిది మన షెడ్డు కాదు!” అని అరిచాడు. “గిది బాలిగాని షెడ్డు! మూడో నంబర్ సాంచె. దెబ్బ తప్పుతలేదా? ఇనుండ్రి!”

“అవునుల్లా, గదే!”

“నేనాడ ఆర్నెల్లు చేసిన, నాకెరుక లేదా? మూడో నంబరే!”

“అంటే నర్సన్న రోజూ ఆడికే పోతడా?”

“ఆయనే చెప్తుండు గద, కాళ్లు గిటే వస్తయని!”

చప్పుడు ఆపాలని తోచలేదు.  స్పీకర్లలో మామ ఇంకా ప్రేమగా చెబుతూనే ఉన్నాడు. “ఈ సాంచెలు నా చేతిలోనే పెరిగినయ్...” ఖఠాక్! ఇక సేఠ్ మొహం చూడాలి. ఒక షెడ్డు మేస్త్రీ చాటుగా ఇంకో షెడ్డులో పానా పట్టుకోవడమంటే మా దగ్గర చిన్న తప్పు కాదు. తిన్నింటి గోడకు కన్నం వేసినట్టే లెక్క. విప్పబోయిన శాలువాను సేఠ్ మళ్ళీ మడతపెట్టాడు. నాలుగు మూలలూ కలిపి, ఒత్తి మరీ మడతపెట్టాడు.

“నర్సయ్యా, యే క్యా హై?” అన్నాడు. ఇదేమిటని అడిగిన ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మామ లేచి నిలబడ్డాడు.  తొమ్మిదేళ్ళు గడప తొక్కని చోట తన గొంతే తన మీద సాక్ష్యం చెబుతోంది. 

ఇది చాలదన్నట్టు తలుపు పక్కనుంచి బాలయ్య ఉరికొచ్చాడు. “నా షెడ్డులకు ఎప్పుడొచ్చినవ్‌రా? చెప్పు, ఎప్పుడొచ్చినవ్? మూడో నంబర్ ఎందుకు తప్పుతుందా అని రెండేండ్ల సంది పరేషాన్ అయితున్న. నువ్వే వచ్చి ఖరాబ్ చేసి పోతున్నవన్నట్టు!”

తొమ్మిదేళ్ళ తరువాత వాళ్ళిద్దరి మధ్య పలికిన మొదటి మాట అది. ఒక పక్క దొంగచాటుగా బాగుచేస్తున్నాడని, ఇంకో పక్క దొంగచాటుగా చెడగొడుతున్నాడని. ఒకే మనిషి మీద రెండు నేరాలు, రెండూ నా చేతి పని.

నేను వేదిక ఎక్కేశాను. “ఆగండి! మామ ఎక్కడికీ పోలేదు. అది నేను అతికించాను. మాటలు మా వంటింట్లోవి, చప్పుడు బాలయ్య కాకా షెడ్డుది.”

“అతికించినవా?” అన్నాడు దేవయ్య తాత. ఆశ్చర్యం, ఇది కూడా వినపడింది ఆయనకు! “మరి అతుకేది?”

“కనపడకుండా అతికించాను తాతా.”

“అతుకు కనపడకుంట అతికెటోడు ఈ లోకంల పుట్టలేదు బిడ్డా. నా కండ్లు పోయినయి గానీ, గుడ్డ మీద చెయ్యి పెడితే ముడి ఎక్కడుందో చెప్త. ఇందుల ముడి లేదు.”

“మామను బచాయించుకుంటుంది పాపం” అని వెనక ఎవరో అన్నారు.

“కోడలు మంచిదే!”

నన్ను మెచ్చుకుంటూ మామను ఉరి తీస్తున్నారు. జీవితంలో మొదటిసారి వాదనలో ఓడిపోతున్నాను. అదీ నిజం చెబుతూ! అంతకుముందు ఎన్ని అబద్ధాలు వాదించి గెలిచానో తలుచుకుంటే ఏడుపు వచ్చింది.

అసలు రికార్డు ఫోనులో ఉందని అప్పుడు తట్టింది. కోయనిది, కడగనిది. ఫోనును మైకు దగ్గర పెట్టి నొక్కాను. “క, కా, కి, కీ...” అని నా ట్యూషను పిల్లలు అందుకున్నారు. మళ్ళీ నొక్కాను. ఈసారి కుక్కర్ కూసింది. అంత తీయని కూత నేను ఇంతవరకు వినలేదు.

హాలంతా మా వంటింట్లోకి వచ్చేసింది. ముందు నా గొంతే. “మామా, జర గొంతు పూడుకుపోయినట్టు చెప్పు. కళ్ళలో నీళ్ళు తెచ్చుకో.”

“నీళ్లెట్లొస్తయ్ బిడ్డా? ఉల్లిగడ్డ కోసేది మీ అత్త గద!”

“ముప్పై ఏడేండ్లు సాంచెలతోటి కాపురం చేసిండు. నాతోటి పండుగలకే” అని అత్తమ్మ గొంతు.

హాలంతా గొల్లున నవ్వింది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అత్తమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. తరువాత ‘ఈ షెడ్డు నాకు ఇల్లు లెక్క’ వచ్చింది. వెనక సాంచెలు లేవు, కుక్కరూ చట్నీ రుబ్బే మిక్సీ ఉన్నాయి. సేఠ్ మొహం కొంచెం విచ్చుకుంది. ఇక ఆపేద్దామని వేలు చాచాను.

“ఉండనియ్!” అన్నాడు బాలయ్య. ఎందుకంటే రికార్డులో నేను అడుగుతున్నాను. “మామా, నీకు ఈ పని ఎవరు నేర్పిండ్రు?”

మిక్సీ చప్పుడు మీద నుంచి మామ గొంతు వచ్చింది.  “బాలిగాడే. రైల్ల ఇద్దరం నిద్రపోయినం. సూరత్ దాటి కిమ్ స్టేషన్ల దిగినం. ఆడికెళ్లి నడుసుడే. నా చెప్పు తెగింది. వాని చెప్పులు నాకిచ్చి వాడు ఒట్టి కాళ్లతోటి నడిచిండు. వాని చెప్పులేసుకుని ఈ ఊర్లకొచ్చినోన్ని బిడ్డా నేను. నన్ను పట్టుకుని సేఠ్ చెప్పులంటడా?... ఇది తీసెయ్. సభల పెట్టకు.”

తీసేశాను. అందుకే హాల్లో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

ఆగలేదు మామ గొంతు. “ఇంకోటి. వాని షెడ్డు ముందటికెళ్లి పోతుంటే మూడో నంబర్ దెబ్బ తప్పుతున్నది. దారం తీస్కపొయ్యే నాడెను కొట్టే కర్ర కింద బోల్టు వదులైంది. రెండు చుట్లు తిప్పితే అయిపాయె. చెవిల ముల్లు లెక్క గుచ్చుతున్నది రోజూ. వానికి చెప్పెటోడే లేడా?”

కుక్కర్ రెండో కూత కూసింది. రికార్డు అయిపోయింది.

 సేఠ్ ముందు తేరుకున్నాడు. శాలువాతో తొడ మీద కొట్టుకుని హిందీలో గట్టిగా అన్నాడు. “నర్సయ్య నిజంగా ఆ షెడ్డుకు పోయి ఉంటే, మూడో నంబరు ఇంకా దెబ్బ తప్పుతుందా?”

అంత సాదా మాట నూటయాభై మందిలో ఒక్కరికీ తోచలేదు. నాకు కూడా. ఏ ఖఠాక్ మామ కొంప ముంచిందో, అదే ఆయన గడప తొక్కలేదనడానికి సాక్ష్యం. దేవయ్య తాత తల ఊపి, “సాంచె అబద్ధం చెప్పది” అని కూర్చున్నాడు. సేఠ్ మడత విప్పి శాలువా కప్పాడు. మైకు అందుకుని ‘నమ్మకస్తుడు’ అన్నాడు, అదీ తెలుగులో! తిట్లు కాక ఇంకో తెలుగు మాట ఆయన నోట వినడం అందరికీ అదే మొదటిసారి.  వేదిక మీదే కూలబడి, అక్కడున్న నీళ్ళ సీసా మొత్తం తాగేశాను. తరువాత తెలిసింది, అది సేఠ్‌ది.

బాలయ్య మాత్రం మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. అటు చూస్తూ, ఇటు అడిగాడు. “ఏ బోల్టురా?”

మామ శాలువా సర్దుకున్నాడు. “చెప్తే ఎరుకైతదా నీకు? చూపియ్యాలె.”

“వచ్చి చూపియ్ మరి.”

“ఎట్లొస్త? గడప తొక్కితే నా పేరు నర్సయ్య కాదన్న గద. అందరు ఇన్నరు.”

బాలయ్య గడ్డం గోక్కున్నాడు. “అయితే గా లోపల నీ పేరు మల్లయ్య. గడప ఇవతల నర్సయ్య, గడప అవతల మల్లయ్య. అయిపాయె గద. నడువు!”

అంతే. దండ తియ్యకుండానే వెళ్ళారు ఇద్దరూ. సభ సగంలో ఉంది. ముఖ్య అతిథి లేకుండానే మేము లడ్డూలు తిన్నాం. అత్తమ్మ నా చేతిలో ఒక లడ్డూ పెట్టి, “సాంచెకు గొంతుంటదా, ఉండదా?” అని అడిగింది. ఆ లడ్డూ గొంతులోకి దిగడానికి చాలాసేపు పట్టింది.

పని మానేసిన మా మామ ఇప్పటికీ పొద్దున్నే బాలయ్య షెడ్డుకు వెళతాడు. టీ తాగి, సాంచెలు విని, ఇద్దరూ కాసేపు తిట్టుకుని వస్తారు. అక్కడ అందరూ ఆయన్ని మల్లన్న అనే పిలుస్తారు. ‘కాళ్లు గిటే వస్తయ్, ఈ చప్పుడు వినకుంటే ముద్ద దిగదు’ అని నేను అతికించిన అబద్ధం మర్నాటి నుంచే నిజమైపోయింది. ఎడిటింగ్‌లో ఇంతకంటే నున్నని అతుకు ఎవరైనా వేశారేమో నాకు తెలియదు. నాకు మాత్రం అది తలుచుకుంటే ఇప్పటికీ వీపంతా చెమట పడుతుంది.

నాకు అంత నచ్చిన ఆ ఖఠాక్‌ను ఇంకోసారి విందామనుకున్నాను గానీ, మూడో నంబరు ఇప్పుడు మిగతావాటిలాగే ఖట్ ఖట్ మంటోంది. బోల్టు రెండు చుట్లు తిరిగింది మరి.

కాబట్టి నా లాప్‌టాప్ మీద, దాని సగం చచ్చిన బ్యాటరీ మీద, మా అత్తమ్మ ఉల్లిగడ్డల మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ మనిషి మాట కిందా వేరే షెడ్డు చప్పుడు పరచను. అతుకు వేస్తే చెవిటి దేవయ్య తాతకు కూడా దొరికేలా, ముడి పైకి కనపడేలా వేస్తాను. కుక్కర్ కూస్తే కూయనిస్తాను. దానంత నిజాయితీ గల సాక్షి మా ఇంట్లో ఇంకెవరూ లేరు.